మా ఊరి ట్రస్టు వార్షిక రిటర్ను: ఆడిట్ నివేదిక ఫారం 10బిలో పెట్టాలా, 10బిబిలో పెట్టాలా? ధాన్యం చందా, డాలస్ డబ్బు లెక్క ఎలా చూపాలి?

లంకగట్టు (అమలాపురం దగ్గర), 6 జూలై 2025

అందరికీ నమస్కారమండి. మాది వైనతేయ పాయ పక్కనున్న ఊరు. మా పెద్దలు పెట్టిన చిన్న ధర్మసంస్థకు ఈ ఏప్రిల్ నుంచి నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఒక గ్రంథాలయం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్లు, వేసవిలో చలివేంద్రం, కనుమ నాడు తీర్థానికి వచ్చేవారికి భోజనాలు, ఇవీ మా పనులు. 12ఎబి (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) నమోదులు రెండూ 2021లో వచ్చాయి. ఇన్నాళ్లూ లెక్కలు చూసిన మాస్టారు పెద్దవారయ్యారు కాబట్టి, ఆయన అట్టపెట్టెలో పెట్టి ఇచ్చిన రసీదు పుస్తకాలు, వోచర్లతో 2024-25 రిటర్ను నేను సిద్ధం చేయవలసి వచ్చింది. మా ఆడిటరు గారు కాగితాలన్నీ వరసలో పెట్టుకుని ఆగస్టులో రమ్మన్నారు. ఆలోపు నాకు అర్థం కాని సంగతులు ఇక్కడ అడుగుతున్నాను.

ఆ ఏడాది మొత్తం జమ 11,40,000 రూపాయలు. అందులో చందాలు 6,20,000, బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ 1,10,000, కాలం చేసిన ఒక ఉపాధ్యాయిని పేర ఆవిడ పిల్లలు మూలధనంగా ఉంచమని లేఖ రాసి ఇచ్చినది 1,50,000, ట్రస్టు పేర ఉన్న ఐదెకరాల వరిచేను మీద కౌలు 2,60,000. ఖర్చు 6,05,000 రాసి ఉంది. చందాల్లో 2,00,000 డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఊరి అబ్బాయి పంపినది, 33,000 ఒక రైతు గారు సార్వా మాసూళ్లలో ఇచ్చిన ఇరవై బస్తాల ధాన్యాన్ని మిల్లుకు తోలితే వచ్చినది, 14,000 చలివేంద్రం దగ్గర పెట్టిన డబ్బాలో పడినది.

డాలస్ నుంచి వచ్చిన డబ్బు ఉంది కనుక ఆడిట్ నివేదిక 10బిలో ఇవ్వాలని ఒకరు, మనలాంటి చిన్న సంస్థకు 10బిబి చాలునని మరొకరు అంటున్నారు. ధాన్యం ఇచ్చిన రైతు గారు 80జి పత్రం అడుగుతున్నారు, మేలో పెట్టిన 10బిడిలో (దాతల వివరాల ఫారం) మాస్టారు ఆయన పేరు కూడా చేర్చారు. వీటికి తోడు, అమెరికాలోని మనవాళ్ల సంఘం ఒకటి మా గ్రంథాలయానికి డబ్బు పంపుతామంటూ, వాళ్లు అక్కడ దాఖలు చేసే ఫారం 990 కోసం జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్క కావాలని కబురు పెట్టింది. మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి కదా! ఈ రెండింటినీ ఎలా కలపాలో తెలిసినవారు చెప్పగలరు.


జమాఖర్చు (భీమవరం), 6 జూలై 2025

లంకగట్టు గారూ, అంకెలు విడదీసి ఇచ్చారు కాబట్టి జవాబు చెప్పడం తేలికైంది. నేను ముప్పై ఏళ్లుగా ఇటువంటి సంస్థల పద్దులే రాస్తున్నాను. వచ్చేవారిలో ఎక్కువమంది "మొత్తం ఇంత వచ్చిందండీ, ఇంత ఖర్చయిందండీ" అని రెండే అంకెలు చెబుతారు.

ముందుగా ఫారం సంగతి. మినహాయింపులు లెక్కించకముందు ఆదాయం 5 కోట్లు దాటినా, ఆ ఏడాదిలో విదేశీ విరాళం అందినా, ఆదాయంలో ఏ కొంచెమైనా దేశం బయట వినియోగించినా 10బి. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే 10బిబి. మీ విషయంలో తేలవలసింది ఆ రెండు లక్షలు విదేశీ విరాళమా కాదా అన్న ఒక్కటే, దాన్ని తేల్చేది డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందన్నది కాదు, ఇచ్చిన మనిషి ఏ దేశ పౌరుడన్నది. ఆ అబ్బాయి చేతిలో ఇప్పటికీ భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపి ఉంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం ప్రకారం అది విదేశీ విరాళం కాదు, మీకు 10బిబి సరిపోతుంది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన ఇచ్చినది విదేశీ విరాళమే అవుతుంది. అప్పుడు మీ సమస్య ఏ ఫారం అన్నది కాదు, ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేకుండా ఆ డబ్బు ఎలా తీసుకున్నారన్నది. కాబట్టి మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ నకలు తెప్పించి ఆ రసీదుకు జతచేయండి.

ఇక లెక్క. మొత్తం 11,40,000లో మూలధన విరాళం 1,50,000 పక్కకు తీయాలి. అయితే ఆ లేఖ ఫైలులో ఉండాలి, ఆ సొమ్ము కూడా సాధారణ ఖాతాలో కలిసిపోకుండా, మూలధనం కోసమే ప్రత్యేకించిన డిపాజిట్‌గా, ట్రస్టుల సొమ్ము ఎక్కడ పెట్టవచ్చో చెప్పే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 11(5) ఒప్పుకునే చోట ఉండాలి. ఇంకా సేవింగ్స్ ఖాతాలోనే ఉందంటే ఆ సంగతి దాచకుండా ఆడిటరు గారికి మొదటి రోజే చెప్పండి. కౌలు 2,60,000 వ్యవసాయ ఆదాయం. ట్రస్టులకు సెక్షన్ 10లోని మినహాయింపులు చాలావరకు అందకపోయినా వ్యవసాయ ఆదాయానికి ఇచ్చే 10(1) మాత్రం అందుతుంది, 11(7)లోనే ఆ సడలింపు ఉంది. ఈ రెండూ తీసేస్తే మిగిలేది 7,30,000. అందులో 85 శాతం, అంటే 6,20,500, ఆ ఏడాదే ధర్మకార్యాలకు వినియోగించాలి. మిగతా 1,09,500 ఏ షరతూ లేకుండా నిలవ ఉంచుకోవచ్చు.

ఖర్చు 6,05,000 అన్నారు. ఇందులో మార్చిలో బిల్లు వచ్చి ఏప్రిల్‌లో డబ్బు కట్టినవి ఉన్నాయేమో చూడండి. 2021-22 నుంచి వినియోగం అంటే నిజంగా చెల్లించినదే, బాకీగా రాసుకున్నది పనికిరాదు. అలాగే ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇచ్చిన వోచర్లు వెతకండి, ఆ మొత్తం వినియోగంగా లెక్కకు రాదు. మన వైపు ఇది ఎక్కువగా వంట మేస్త్రి దగ్గర, షామియానా వాళ్ల దగ్గర దొరుకుతుంది. పండగ హడావుడిలో జేబులోంచి తీసి ఇచ్చేసి, ఆనక వోచరు రాస్తారు. ఒక సంస్థలో అయితే పెళ్లి శుభలేఖ వెనక "వంట 22,000 ముట్టినది" అని రాసి, పసుపు మరకతో సహా ఫైలులో కుట్టేశారు. దాన్ని ఇద్దరి పేర్లతో రెండు వోచర్లుగా మారుద్దామని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగులుతారు, ఆ పని చేయకండి. పోయేది ఆ ఒక్క ఖర్చే. దొంగ వోచరు బయటపడితే పుస్తకాలన్నింటి మీదా నమ్మకం పోతుంది.

ధాన్యం విషయంలో రైతు గారికి నచ్చని మాట చెప్పవలసి వస్తుంది. 80జి మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే గాని వస్తువుకు లేదు. 10బిడిలో వస్తు రూపం అనే గడి ఉన్నంత మాత్రాన దాతకు మినహాయింపు వచ్చినట్టు కాదు. మీ పుస్తకాల్లో మటుకు 33,000 చందాగానే ఉండాలి, మిల్లు ఇచ్చిన కాటా చీటీ, పట్టీ దానికి ఆధారం. ఆయనే ధాన్యం అమ్ముకుని, వచ్చిన డబ్బును బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో మీకు పంపి ఉంటే బాగుండేది. వచ్చే సార్వాకు ముందే ఈ మాట ఊళ్లో చెప్పి ఉంచండి. నగదుగా ఇచ్చేవారికి కూడా 2,000 దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఏ రూపంలో ఇచ్చినా 80జి వర్తించదు కనుక, కొందరు ఈ పత్రం కోసం అనవసరంగా ఆరాటపడుతున్నారేమో కూడా ఒకసారి కనుక్కోండి.

డబ్బాలో పడిన 14,000 పేరు తెలియని విరాళం. అటువంటివి లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు 30 శాతం పన్ను పడదు, కాబట్టి దీని గురించి బెంగ అక్కరలేదు. రిటర్నులో స్వచ్ఛంద విరాళాల షెడ్యూలులో వాటికి కేటాయించిన వరుసలో చూపండి, అంతే.


గోస్తనీ (తణుకు), 7 జూలై 2025

జమాఖర్చు గారు లెక్క చెప్పారు, నేను లాగిన్ గురించి చెబుతాను. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక ఒక విద్యార్థి సహాయ నిధికి కార్యదర్శిగా ఉన్నాను. రెండేళ్ల క్రితం మా లెక్కలన్నీ సవ్యంగా ఉన్నాయి, ఆడిటరు సెప్టెంబరు నాలుగో వారంలోనే నివేదిక పన్ను శాఖ పోర్టల్లోకి ఎక్కించారు, మేము అక్టోబరులో ఐటీఆర్-7 (ట్రస్టుల పన్ను రిటర్ను) వేసి స్వీట్లు పంచుకున్నంత పని చేశాము. మరుసటి ఏడాది మొత్తం జమ మీద పన్ను కట్టమని సమాచార పత్రం వచ్చింది. తీరా చూస్తే ఆడిటరు ఎక్కించిన నివేదికను మా లాగిన్‌లోకి వెళ్లి మేము అంగీకరించాలట. అంగీకరించేదాకా అది దాఖలు అయినట్టే కాదు. మా వర్క్‌లిస్టులో అది నెలల తరబడి అలాగే పడి ఉంది.

ఎందుకు చూడలేదంటే, లాగిన్‌కు జతచేసిన ఫోను నంబరు మా పాత కార్యదర్శి గారిది. ఆయన కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్లిపోయారు. ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్లేది, ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉండేవారు. ఆ పది నిమిషాల్లో గడువు దాటిపోయేది, మేము రేపు చూద్దాంలే అనుకునేవాళ్లం. నవ్వుకుంటారేమో గాని జరిగింది ఇదే.

ఆ తర్వాత ఆలస్యాన్ని మన్నించమని 119(2)(బి) కింద అర్జీ పెట్టుకున్నాము. 2024 నవంబరు 18న వచ్చిన 16వ నంబరు సర్క్యులర్ ప్రకారం 9ఎ, 10, 10బి, 10బిబి ఫారాలు 365 రోజుల వరకు ఆలస్యమైతే కమిషనరు స్థాయిలోనే మన్నించే అధికారం ఉంది, అంతకు మించితే చీఫ్ కమిషనరు దగ్గరకు వెళ్లాలి. అర్జీకి కూడా మదింపు సంవత్సరం (లెక్క జరిగిన ఆర్థిక సంవత్సరానికి మరుసటి ఏడాది) ముగిసినప్పటి నుంచి మూడేళ్లే గడువు. మాకు మన్నింపు దొరికింది. కాని ఆ ఏడాది స్కాలర్‌షిప్పు చెక్కుల మీద సంతకం పెట్టే ప్రతిసారీ నా చెయ్యి వణికింది.

అందుచేత లంకగట్టు గారు ఈ వారంలోనే లాగిన్‌లో ఫోను నంబరు, ఈమెయిలు, ప్రధాన వ్యక్తి పేరు మీ ప్రస్తుత కార్యవర్గానివే అయ్యేట్టు మార్చుకోండి. డిజిటల్ సంతకానికి గడువు ఉందో లేదో కూడా చూడండి. మీ పాత కాగితాల మీద తూర్పు గోదావరి అని ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి మీది కోనసీమ జిల్లా. చిరునామా మార్చే పని కూడా అదే ఊపులో అయిపోతుంది.


ఒకప్పటి పాలకొల్లు (న్యూజెర్సీ), 7 జూలై 2025

నేను ఇక్కడ మనవాళ్ల సంఘం ఒకదానికి స్వచ్ఛందంగా కోశాధికారి పని చేస్తున్నాను. మిమ్మల్ని లెక్క అడిగినవారు మేము కాకపోయినా, అడగడానికి కారణం తెలుసు కనుక రాస్తున్నాను.

ఫారం 990 అంటే పన్ను కట్టే కాగితం కాదు, సంస్థ ఏడాదంతా ఏమి చేసిందో ప్రభుత్వానికీ ప్రజలకీ చెప్పుకునే సమాచార రిటర్ను. ఏడాది వసూళ్లు సాధారణంగా 50,000 డాలర్లు దాటని సంస్థ 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ చీటీ పెడితే చాలు. వసూళ్లు 2 లక్షల డాలర్లకు, ఆస్తులు 5 లక్షల డాలర్లకు లోపు ఉంటే 990-ఈజెడ్, ఆ పైన పూర్తి 990. జనవరి నుంచి డిసెంబరు లెక్క పాటించేవారికి మే 15 గడువు. ఫారం 8868 పెట్టుకుంటే మరో ఆరు నెలలు దొరుకుతుంది, చిన్న చీటీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇవేవీ వరసగా మూడేళ్లు వేయకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే రద్దవుతుంది. ఎవరి తప్పూ లేకుండా, కార్యవర్గాలు మారినప్పుడు కాగితాలు చేతులు మారక ఇలా హోదా పోగొట్టుకున్న సంఘాలు నాకు తెలుసు. గోస్తనీ గారి ఫోను కథ చదివితే సముద్రానికి ఇటుపక్క కూడా అదే కథ అనిపించింది. గత మూడేళ్ల రిటర్నులు ఎవరు అడిగినా చూపించాలి కనుక, ప్రతి మాటా ఆలోచించి రాస్తాము.

పూర్తి 990 వేసే సంస్థ దేశం బయట ఇచ్చినదీ ఖర్చు పెట్టినదీ కలిపి 10,000 డాలర్లు దాటితే షెడ్యూల్ ఎఫ్ జతచేయాలి. అందులో మీ ఊరి పేరు కనపడదు, దక్షిణ ఆసియా అనే ప్రాంతం పేరు కింద మీ గ్రంథాలయం ఒక వరుసలో ఇమిడిపోతుంది. అయితే పంపిన డబ్బు చెప్పిన పనికే వాడారని మీరు ఎలా కనిపెట్టి చూస్తున్నారు అన్న ప్రశ్న అక్కడ ఉంటుంది, దానికి సమాధానం రాయడానికే వాళ్లు మీ వోచర్లు అడుగుతున్నారు. మీ పద్దులను మీరు ఏప్రిల్ నుంచి మార్చికే ఉంచండి. వాళ్ల డబ్బు మీద అయిన ఖర్చుకు తేదీలతో విడి చిట్టా రాసి పెడితే జనవరి నుంచి డిసెంబరు వరకు కూడుకోవడం వాళ్ల పని.

కాని ఇదంతా డబ్బు మీకు చేరగలిగినప్పటి మాట. అమెరికాలో నమోదైన సంఘం విదేశీ మూలం అవుతుంది, ఆ సంఘంలో సభ్యులందరూ భారత పాస్‌పోర్టు ఉన్నవారే అయినా సరే. ఎఫ్‌సీఆర్ఏ నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేకుండా మీరు వాళ్ల దగ్గర ఒక్క డాలరు తీసుకోకూడదు. ఇక్కడ చాలామంది తికమక పడే చోటు ఇదే. మీ ఊరి అబ్బాయి తన ఖాతా నుంచి నేరుగా మీకు పంపితే మీరు తీసుకోవచ్చు, కాని ఇక్కడ ఆయన పన్నులో ఆ విరాళానికి మినహాయింపు రాదు. అదే డబ్బు సంఘం ద్వారా పంపితే ఆయనకు మినహాయింపు వస్తుంది, మీకు ఎఫ్‌సీఆర్ఏ అడ్డం వస్తుంది. రెండూ ఒకేసారి కుదరాలంటే మీకు నమోదు ఉండి తీరాలి.

ఎఫ్‌సీఆర్ఏ నమోదున్న పెద్ద సంస్థ ఖాతాలో వేసి అక్కడి నుంచి మీకు ఇప్పిద్దామన్న పాత ఉపాయం కూడా 2020 సవరణతో చెల్లిపోయింది, ఒకరు అందుకున్న విదేశీ విరాళం మరొకరికి బదిలీ చేయకూడదు. ఆ సంస్థే మీ ఊరు వచ్చి తన పుస్తకాల్లో ఖర్చు రాసుకుంటూ బీరువాలు, పుస్తకాలు కొనిస్తే అది వేరే సంగతి.


జమాఖర్చు (భీమవరం), 7 జూలై 2025

పాలకొల్లు గారికి ధన్యవాదాలు, నేను రాయాలనుకున్నదానికంటే తేటగా చెప్పారు. దానికి ఒక్క మాట చేరుస్తాను. నమోదుకు సంస్థ పెట్టి మూడేళ్లు దాటి ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆశయాల మీద 15 లక్షలు ఖర్చయి ఉండాలి. లంకగట్టు గారి ట్రస్టు ఏటా ఆరు లక్షల దాకా పెడుతోంది కాబట్టి అర్హత అందుతుందేమో చూసుకోవచ్చు. అయితే నమోదు వచ్చాక ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవడం, డబ్బు రాని ఏడాదికి సైతం డిసెంబరు 31లోగా ఎఫ్‌సీ-4 (విదేశీ విరాళాల వార్షిక రిటర్ను) వేయడం, విదేశీ విరాళం అందిన ప్రతి ఏడాదీ 10బిబి వదిలి 10బికి మారడం, ఇవన్నీ నెత్తిన పడతాయి. ఏడాదికి రెండు మూడు లక్షల కోసమైతే నేను వద్దనే అంటాను, ఐదారు పాస్‌పోర్టు నకళ్లు దాచుకోవడం అంతకంటే సులువు.


ఆవర్జా (రామచంద్రపురం), 9 జూలై 2025

జమాఖర్చు గారి లెక్కలో కౌలు దగ్గర నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉందండి. 10(1) వర్తిస్తుందన్నది సరే. కాని మన డెల్టా ట్రస్టుల పొలాల్లో సగం ఇప్పటికీ దానమిచ్చినవారి తాతల పేరనే ఉంటాయి, కౌలు నోటి మాట మీద నడుస్తుంది, కౌలుదారు సార్వాకు ఇన్ని బస్తాలు, దాళ్వాకు ఇన్ని అని కొలిచి పోతాడు. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో కాబట్టి ఆ కౌలు మరుసటి ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఇంత అస్తవ్యస్తంగా ఉన్నదాన్ని వ్యవసాయ ఆదాయమని విడిగా తీసేస్తే, రేపు ఆధారం చూపమన్నప్పుడు ఏమి చూపిస్తారు? మేము రెండు సంస్థలకు కౌలును కూడా సెక్షన్ 11లోనే కలిపి, 85 శాతం ఖర్చు చూపిస్తున్నాము. భోజనాలు, చలివేంద్రం ఉన్న సంస్థకు ఖర్చు చూపడం కష్టమేమీ కాదు.


జమాఖర్చు (భీమవరం), 9 జూలై 2025

ఆవర్జా గారూ, కాగితం లేనిచోట మీ పద్ధతే క్షేమం, ఒప్పుకుంటాను. లంకగట్టు గారు పొలం ట్రస్టు పేరనే ఉందన్నారు కనుక నేను అలా చెప్పాను. పాసుపుస్తకం, శిస్తు రసీదులు, కౌలు ఒప్పందం, ధాన్యం అమ్మిన పట్టీలు ఉంటే 10(1), లేకపోతే మీ దారి. ఏది ఎంచుకున్నా ఏడాదికొక పద్ధతి మార్చకూడదు, ఈ సంగతిలో ఆడిటరు గారి మాటే చివరి మాట. మరొకటి, కౌలును విడిగా తీసిన ఏడాది పొలం గట్టు వేయించిన ఖర్చు, బోదె పూడిక తీయించిన ఖర్చు తెచ్చి ట్యూషన్ల ఖర్చులో కలపకండి.


లంకగట్టు (అమలాపురం దగ్గర), 13 జూలై 2025

ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం రోజులు అట్టపెట్టె ముందే కూర్చున్నాను. డాలస్ అబ్బాయిది భారత పాస్‌పోర్టే, హెచ్-1బి మీద ఉన్నాడు. నకలు వాట్సాప్‌లో పంపాడు, అచ్చుతీసి రసీదుకు కుట్టాను. మూలధనం లక్షన్నర విడి డిపాజిట్‌లోనే ఉంది, మాస్టారు ఆ పని వచ్చిన వారంలోనే చేశారు. పొలం పాసుపుస్తకం ట్రస్టు పేరనే ఉంది, కౌలు కాగితం కూడా దొరికింది.

ఖర్చులో మాత్రం మీరన్నవి రెండూ ఉన్నాయి. గ్రంథాలయానికి మార్చిలో తెప్పించిన పుస్తకాల బిల్లు 37,000 ఏప్రిల్ 12న కట్టారు. కనుమ నాడు వంట మేస్త్రికి 18,000 ఒకేసారి నగదుగా ఇచ్చారు. రెండూ తీసేస్తే 5,50,000 మిగిలింది, అంటే 85 శాతానికి 70,500 తక్కువ. రైతు గారికి ఇంటికి వెళ్లి విషయం చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఈసారి ధాన్యం అమ్మాక ఫోనులో కొట్టేస్తాలే, నాకు మిల్లు దాకా తోలే బాధ కూడా తప్పుతుంది" అన్నారు.

ఈ 70,500 మీద పన్ను పడుతుందా? దానికి దారేమిటి?


జమాఖర్చు (భీమవరం), 13 జూలై 2025

పన్ను పడకుండా దారి ఉంది గాని దానికి గడువు ముందు. ఆడిట్ నివేదికకు సెప్టెంబరు 30, ఐటీఆర్-7కు అక్టోబరు 31 అని అందరికీ గుర్తుంటుంది, వీటికంటే ముందు వచ్చే ఆగస్టు 31ని మరిచిపోతారు. ఫలానా పని కోసం గరిష్ఠంగా ఐదేళ్లలో ఖర్చు పెడతామని డబ్బు నిలవ ఉంచుకోవాలంటే ఫారం 10, రాబోయే ఏడాదిలోనే ఖర్చు పెడతామంటే ఫారం 9ఎ, ఏదైనా ఆ తేదీలోగా పెట్టాలి. మీకు గ్రంథాలయం పైకప్పు లాంటి పని ఏదైనా మనసులో ఉంటే ఫారం 10 నయం, ఊపిరి తీసుకోవడానికి సమయం ఉంటుంది. ఆ 70,500 మళ్లీ షెడ్యూల్డు బ్యాంకులోనో, 11(5) ఒప్పుకునే మరో చోటనో విడిగా కనపడాలి. ఊళ్లో నమ్మకస్తుడైన పెద్దమనిషి నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నా అక్కడ పెట్టకండి, మినహాయింపు అక్కడితో దెబ్బతింటుంది. పుస్తకాల 37,000 వృథా పోలేదు, 2025-26 వినియోగంలో చూపించుకుంటారు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. 2021లో ఐదేళ్లకు వచ్చిన మీ నమోదు 2026 మార్చి 31తో ముగుస్తుంది. దాన్ని పొడిగించమని ఫారం 10ఎబి ఆరు నెలల ముందే, అంటే ఈ సెప్టెంబరు 30లోగా పెట్టాలి. అది తప్పిపోతే ఈ లెక్కలన్నింటికీ అర్థం ఉండదు, కాబట్టి రిటర్ను కంటే దాన్నే ముందు తీయండి. మీలాంటి 5 కోట్ల లోపు సంస్థలకు ఈ ఏడాది సవరణతో 12ఎబి నమోదు పదేళ్లకు ఇస్తున్నారు, ఈసారి శ్రమ పడితే చాలాకాలం దాని జోలికి పోనక్కరలేదు. అన్నట్టు మాస్టారు ఇచ్చిన అట్టపెట్టెను అటక మీదకు ఎక్కించేయకండి, మదింపు సంవత్సరం ముగిసిన తర్వాత పదేళ్లదాకా పుస్తకాలు, వోచర్లు ఉండాలని 17ఎఎ నియమం.


లంకగట్టు (అమలాపురం దగ్గర), 14 జూలై 2025

నమోదు గడువు సంగతి మాలో ఎవరికీ తెలియదండి. ఆగస్టు 10 ఆదివారం కార్యవర్గ సమావేశం పెట్టాము. ఫారం 10 కోసం తీర్మానం "ట్రస్టు ఆశయాల నిమిత్తం నిలవ ఉంచడమైనది" అని రాస్తే సరిపోతుందా?


జమాఖర్చు (భీమవరం), 14 జూలై 2025

సరిపోదండి. ఆశయాలన్నీ కలిపి ఒక్క మాటలో రాస్తే అది ఏ పనికీ కాదన్నట్టే తీసుకుంటారు. "గ్రంథాలయ భవనపు పెంకుటి కప్పు తీసి స్లాబు వేయించడానికి, 2024-25 ఆదాయంలో 70,500 రూపాయలను 2030 మార్చి 31లోగా వినియోగించేందుకు నిలవ ఉంచడమైనది" అన్న తరహాలో పని, మొత్తం, గడువు మూడూ ఉండేలా రాయండి. హాజరైనవారందరి సంతకాలూ ఆ రోజే తీర్మానాల పుస్తకంలో పెట్టించండి.